నీళ్ల అడుగున నిప్పు

ఏడో తరగతితో బడి మానేసి తాండూరు నాపరాళ్ల గనిలో పనికి చేరాను. ఆ తర్వాత నా చదువంతా లైబ్రరీలోనే. తాండూరులో పుస్తకాలు అయిపోతే బస్సెక్కి వికారాబాద్ పోయేవాణ్ని. సముద్రాన్ని కంటితో చూడకముందే దాని అడుగున అగ్నిపర్వతాలుంటాయని నాకు తెలుసు. ఆ సంగతి నా బిడ్డకు చెప్పింది నేనే. ఇప్పుడామె ఒక పరిశోధన ఓడ మీద కూర్చొని, సముద్రం అడుగుకు దింపే రోబో కెమెరాను నడుపుతోంది.

ఒక ఆదివారం పొద్దున ఫోన్‌కు లింకు పంపింది: "లైవ్ చూడు నాయినా, పేలుతున్నది."

ఫోన్‌ను జొన్నల డబ్బాకు ఆనించి నేనూ నా భార్యా కూర్చున్నాం. రోబో దీపాల వెలుగులో నల్లరాయి ఉబ్బి పగిలింది. లోపలి నుంచి ఎర్రగా కారింది. అంతలోనే నల్లబడింది.

"పొయ్యిల బొగ్గులెక్కనే ఉంది గదా," అంది నా భార్య. "గీ మాత్రం దానికి గంత దూరం పోవాల్నా?"

మీద నీళ్ల బరువుంటే పేలుడు పైకి లేవదని గొప్పగా వివరించాను. చెబుతుండగానే, ఈ సంగతి చదివిన లైబ్రరీ పుస్తకంలో తర్వాతి పేజీ గుర్తొచ్చింది. లోతు తక్కువైతే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పైకి ఎగదన్నుతాయి. అలాంటి చోట ఓడలు మునిగాయట. నా బిడ్డ ఓడ కింద లోతెంతో నేను ఏనాడూ అడగలేదు.

గనిలో తూటాలు పేల్చే ముందు ఎర్రజెండా ఊపి ఈల వేస్తాం. అందరం దూరం ఉరుకుతాం. నా బిడ్డ మాత్రం పేలే చోటుకు నేరుగా పైన కూర్చుంది.

కెమెరా ఇంకా దగ్గరికి జరిగింది. తెర నిండా బూడిదరంగు మబ్బు లేచింది. తర్వాత ఏమీ కనబడలేదు.

ఏం చేస్తున్నానో తెలియకుండానే రెండు వేళ్లు నోట్లో పెట్టి గని ఈల వేశాను. పక్కింటాయన తువ్వాలతోనే వాకిట్లోకి ఉరికొచ్చాడు.

"ఏందన్నా, ఇంట్ల తూటా పెట్టినవా?"

"పిచ్చి లేసిందా నీకు?" అంది నా భార్య. "ఏమైందో జెప్పు!"

బిడ్డకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. తొందరలో ఒకసారి వేరే నంబరు నొక్కాను. చివరకు ఆమే చేసింది.

"బురద లేసి ఏం కనబడలే నాయినా. రోబోను ఎనక్కి తీసినం. గిన్ని ఫోన్లెందుకు జేసినవ్?"

"మీ కింద లోతెంత, బిడ్డా?"

"మస్తు లోతు. గీడ మాకేం కాదు. రేపు పోయే నిప్పుగుట్టనే జర మీదికుంటది, గాడ లోతు తక్కువ. దూరంకెళ్లే చూస్తం, ఫికర్ చెయ్యకు."

నా భార్య భుజం పట్టి కుదుపుతోంది. "ఏమంటున్నది?"

"మంచిగుందట," అని ఫోన్ ఆమె చేతికిచ్చాను. రేపు లైవ్ చూడాలి, పనికి రానని గని మేస్త్రీకి చెప్పడానికి చెప్పులు వేసుకున్నాను.