కొళాయి ఉన్న వ్యాను

రెండు నెలల కిందట అహోబిలంలో నేను ఒక్క మాటైనా మాట్లాడకుండా నూటయాభై మంది చుట్టాలను కొండెక్కించాను. భక్తితో ఎక్కారనుకునేరు. నన్ను చూసి ఎక్కారు. మా వీధిలో ఈ కథ ఇప్పటికి నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో నేను కూడా పరిగెత్తానట. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఆవిడ ఇంకా ఆపలేదు.

దీనికంతటికీ కారణం ఓబుళరెడ్డి. మా ఆవిడ నాగమ్మ చెల్లెలు సుబ్బమ్మకు మొగుడు, అంటే నాకు షడ్డకుడు. రాజంపేటలో ఉంటాడు, రోడ్ల కంట్రాక్టులు చేస్తాడు. చదివింది ఐదో క్లాసు. నేను ఆ రోజుల్లో మద్రాసు పోయి బి.ఏ. చదివినవాణ్ణి, అందులోనూ తర్కశాస్త్రం. హాస్టల్లో మా గది కిటికీ లోంచి సముద్రం కనిపించేది. కనిపించేదంటే, కుర్చీ మీద నిలబడి మెడ చాపితే కనిపించేది. సరే, అది వేరే సంగతి. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు పని చేసి కోడుమూరులో రిటైరయ్యాను. ఎవరినీ చూసి కుళ్ళుకునే మనిషిని కాను. కాకపోతే, పెళ్ళయిన కొత్తలో మా మామగారు నాకు పీట వేసి, ఓబుళరెడ్డికి చేతుల కుర్చీ వేసిన సంగతి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. టేకు కుర్చీ. ఎడమ చెయ్యి కొంచెం వదులు.

పోయిన ఏడు ఈ ఓబుళరెడ్డి ఒక పాత మిలిటరీ వ్యాను కొన్నాడు. లోపల పరుపు వేయించాడు, కిటికీలకు పూల పూల తెరలు కట్టించాడు, వంటసామాను పెట్టుకోను ఒక పెట్టె బిగించాడు. ఇంగ్లీషు దొరలు ఇట్లాంటి దాన్నే కారవాన్ అంటారని నేను పుస్తకాల్లో చదివాను. చదివింది నేను, కొన్నది వాడు. భార్యాభర్తలిద్దరూ దాంట్లో తిరుపతి పోయారు, మంత్రాలయం పోయారు, తిరిగి పోతూ పోతూ మా ఇంటి ముందర ఆపారు. వీధి వీధంతా వచ్చి చూసింది. నాగమ్మ లోపలికెక్కి అర్ధగంట దిగలేదు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ ఒకే ఒక మాట అంది.

"సుబ్బమ్మకు ఇంగ యాడికి పోయినా సత్రం ఎతుక్కునే పనే లేదంట."

అంతే. కోపంగా అనలేదు, దెప్పినట్టు కూడా అనలేదు. ఆ పప్పన్నం మాత్రం నా గొంతు దిగలేదు. నాకూ ఒక వ్యాను కావాలి. అది ఓబుళరెడ్డి దాని కంటే ఒక్క వస్తువులోనైనా మెరుగ్గా ఉండాలి. దాన్ని చూసి వాడికి ఒక్క పూటైనా అన్నం సహించకూడదు. అరవై మూడేళ్ళ వయసులో నా కోరిక ఇది.

నా దగ్గర ఉన్నది పెన్షను, ఆ ఏటి చెనక్కాయల పంట. ఆ పంట డబ్బుతో బావి పూడిక తీయించాలని నాగమ్మ అనుకుంటూ ఉంది. బావి ఎక్కడికీ పోదని, మనం పోవాలంటే వ్యాను కావాలని తర్కంతో వాదించి గెలిచాను. చదువు ఆ ఒక్క రోజు పనికొచ్చింది.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి అక్కడ దొరకని పాత వస్తువు లేదు. ఆఫీసులే గుడారాల్లో నడిచిన ఊరు. మా బంధువు ఒకాయన అయిదు నెలలు గుడారంలో కూర్చుని ఫైళ్ళు రాసి, గాలి వచ్చినప్పుడల్లా పరిపాలన ఎగిరిపోతోందని మొరపెట్టుకునేవాడు. ఆ ఊళ్ళో హంద్రి ఏటి ఒడ్డున మస్తాన్ సాయిబు షెడ్డు ఉంది. నా డబ్బుకు వచ్చే వ్యాన్లు మూడు చూపించాడు. మొదటిదాంట్లో కూర్చుంటే కాళ్ళ కింద నేల కనిపించింది. రెండోదాన్ని చూపిస్తున్నంతసేపూ మస్తాన్ దాని తలుపును చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. మూడోది మీగడ రంగు వ్యాను. పొడుగ్గా, ఠీవిగా ఉంది.

లోపలికెక్కి చూసి నిలబడిపోయాను. రెండు వైపులా పడుకోను వీలైన బల్లలు. చిన్న చిన్న సొరుగుల బీరువా. స్పిరిట్ స్టవ్వు, దాని మీద నీళ్ళు కాచుకునే గిన్నె. ఒక మూల తెల్లని పింగాణీ తొట్టి, దాని మీద కొళాయి. పైన చిన్న ట్యాంకు.

"సర్కారు బండి సార్," అన్నాడు మస్తాన్. "ఆరోగ్యశాఖోళ్లది. ఊర్లెమ్మడి తిరిగింది గానీ శానా బాగా సూసుకున్యారు."

ఏ పని మీద తిరిగిందని అడగాల్సిన చోటు అదే. నేను అడగలేదు. కొళాయి తిప్పాను. నీళ్ళు వచ్చాయి. ఓబుళరెడ్డి వ్యానులో కొళాయి లేదు. ఆ తర్వాత ఆ బండికి ఇంజను ఉందా అని కూడా నేను అడిగి ఉండేవాణ్ణి కాదు.

బేరం కుదిరాక మస్తాన్ తల గోక్కుంటూ, రంగు మార్చుకుంటే మంచిది సార్, ఈ రంగు చూస్తే జనం, అని ఏదో చెప్పబోయాడు. రంగు పని కూడా తనకే రావాలని ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. పైగా నా చేతిలో మిగిలింది పెట్రోలుకే చాలీచాలదు. ఈ రంగే నాకిష్టమని గట్టిగా చెప్పాను. అతను రంగు మాట వదిలేసి డబ్బు లెక్కపెట్టుకున్నాడు. నాకు డ్రైవింగు రాదు గనక మొదటి ప్రయాణానికి తనే వచ్చి నడుపుతానన్నాడు.

మొదటి ప్రయాణం ఎక్కడికో చెప్పనక్కరలేదు. అహోబిలం తిరునాళ్ళకు పది రోజుల ముందు అక్కడ ఓబుళరెడ్డి మనవడికి పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. చుట్టాలందరూ బండ్లు కట్టుకుని వస్తారు. అందరూ బంతిలో కూర్చుని తింటున్నప్పుడు మన వ్యాను వచ్చి ఆగాలని లెక్క వేసుకున్నాను. హెడ్మాస్టరుగా ఉన్నప్పటి తెల్ల కోటు ఇస్త్రీ చేయించాను. దొరటోపీ పెట్టుకున్నాను. తోలు సంచి చేత పట్టుకున్నాను.

"ఏమయ్యా, ఇంత ఎండకు ఆ కోటెందుకు?" అంది నాగమ్మ.

మర్యాద అన్నాను.

తెల్లవారగానే బయలుదేరి కర్నూలు దాటాం. దారిలో మొదటి పల్లె వచ్చింది. రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు మా వ్యాను చూడగానే లేచారు. మర్యాదకు లేచారనుకున్నాను. మేం దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. రెండో పల్లెలో వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. మూడో పల్లెలో మా కళ్ళ ముందే మూసుకున్నాయి.

"చూసినావా," అన్నాను నాగమ్మతో, "మన వ్యాను చూసి ఓర్చుకోలేకపోతాండారు."

"ఓర్చుకోలేనోళ్లు నిలబడి చూస్తారు గానీ తలుపులేసుకుంటారా?" అంది.

నేను చిరునవ్వు నవ్వాను. ఈర్ష్యను గుర్తుపట్టడంలో నాకున్న అనుభవం ఆమెకు లేదు. మస్తాన్‌కు మాత్రం స్టీరింగు దగ్గర దగ్గు ఆగలేదు.

ఆళ్ళగడ్డలో కాఫీ హోటలు ముందర ఆగాం. నేను టోపీతో గుమ్మంలో అడుగు పెట్టగానే తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలి వెనకదారిన పోయారు. హోటలాయన జిలేబీ తట్ట మీద గుడ్డ కప్పి, ఒకటికి రెండుసార్లు వేన్నీళ్ళతో గ్లాసులు కడిగి కాఫీ తెచ్చాడు. డబ్బులివ్వబోతే చేతులు జోడించాడు.

"మీతో తీసుకుంటామా సార్. తిరునాళ్ళ అయ్యేదాకా ఈడ ఈగను కూడా వాలనీను."

ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలకు చదువు చెప్పాను. ఒక్కడూ నాకు ఊరికే కాఫీ పోయలేదు. వ్యాను కొన్న వారానికే ఈ గౌరవం. మరి ఓబుళరెడ్డి ఏడాదిగా ఎన్ని కాఫీలు తాగి ఉంటాడో అని లెక్క వేస్తే మళ్ళీ కడుపు మండింది.

అనుకున్న వేళకే దిగువ అహోబిలం చేరాం. చింతతోపులో చుట్టాల బండ్లు, మధ్యలో పెళ్ళికొడుకులాగా ఓబుళరెడ్డి వ్యాను. ఒక పక్క మంగలి పిల్లవాడి తల సగం గొరిగి ఉన్నాడు. ఇంకో పక్క మొదటి బంతికి విస్తళ్ళలో అన్నం, పప్పు పడ్డాయి. ఓబుళరెడ్డి పంచె ఎగగట్టి నెయ్యి వడ్డిస్తున్నాడు. మస్తాన్‌ను హారన్ కొట్టమన్నాను. దిగాను. ఏం మాట్లాడాలో దారంతా సాధన చేశాను. "ఏం లేదప్పా, ఇప్పుడే కొళాయి కింద ముఖం కడుక్కోని వస్తిమి" అని మామూలుగా, ఏమీ పట్టనట్టు అనాలి.

నోరు తెరిచేలోపల బంతి చివర ఒక ముసలామె లేచి నిలబడింది.

"సూదులోళ్లు వచ్చినారే!"

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంతసేపు కూడా జరగడానికి పట్టలేదు. బంతి బంతంతా పప్పు చేతులతో లేచింది. ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని ఎగువ అహోబిలం బాట పట్టారు. వాళ్ళ ముందు మగవాళ్ళు. సుబ్బమ్మ సగం గొరిగిన తలతో ఉన్న మనవణ్ణి లాక్కుని పోయింది. మంగలి కత్తి చేతిలో పట్టుకునే చెట్ల మధ్య మాయమయ్యాడు. పెద్ద పెద్ద మేస్త్రీలను గడగడలాడించే మా ఓబుళరెడ్డి నెయ్యి గిన్నె పడేసి తన వ్యానులోకి దూకి గడియ పెట్టుకున్నాడు. ఒక నిమిషంలో తోపులో మిగిలింది విస్తళ్ళు, ఎద్దులు, నేను.

నాగమ్మ దిగి చుట్టూ చూసింది.

"మస్తానయ్యా, ఇది ఏం బండి?"

"కలరా సూదుల బండి తల్లీ," అన్నాడు అతను నేల చూపులు చూస్తూ. "తిరునాళ్ళకు ముందు దీంట్లో డాక్టరు వచ్చి దొరికినోళ్లను దొరికినట్టు పొడుస్తాడు. చెయ్యి వాచి రెండు దినాలు జ్వరం. రంగు మార్చమంటే సారు ఇనలే."

స్పిరిట్ స్టవ్వు మీది గిన్నెలో ఏం కాచేవాళ్ళో అప్పుడు అర్థమైంది. పొద్దున దాంట్లోనే మేం పాలు కాచుకున్నాం.

నేను పోయి ఓబుళరెడ్డి వ్యాను తలుపు తట్టాను. లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది.

"సార్, నాకు పోయిన వారమే ఏసినారు సార్. చెయ్యి ఇంగా వాచే ఉండాది."

నేనప్పా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ముప్పై అయిదేళ్ళలో వాడు నన్ను సార్ అనడం అదే మొదటిసారి.

"ఏ చెయ్యి?" అన్నాను గొంతు బరువు చేసి.

"ఎడమ చెయ్యి సార్." లోపల గడియ ఇంకా బిగించి, "కుడి చెయ్యికి కూడా ఏసినారు సార్," అన్నాడు.

రెండు చేతులకూ వేస్తే ఇంక నెయ్యి ఎట్లా వడ్డిస్తున్నావు అని అడగబోయేంతలో నాగమ్మ అడ్డం వచ్చింది. "తలుపు తియ్యప్పా ఓబుళరెడ్డీ. డాక్టరు కాదు, మీ అన్నే. కోటేసుకోని వచ్చినాడు," అని చెప్పింది.

కోటు, టోపీ విప్పి ఒట్టి పంచెతో చెట్టు కింద కూర్చోబెడితే గానీ చుట్టాలు కొండ దిగలేదు. మంగలి సాయంత్రం వచ్చాడు. అందాకా పిల్లవాడు సగం తలతోనే ఆడుకున్నాడు. చల్లారిన అన్నం తింటూ ప్రతి ఒక్కరూ నా వైపు చూసి నవ్వారు. వ్యాను వైపు చూసినవాడు ఒక్కడూ లేడు.

కాదు, ఒకడున్నాడు. భోజనాలయ్యాక ఓబుళరెడ్డి మెల్లగా వచ్చి నా వ్యాను ఎక్కాడు. సొరుగులు లాగి చూశాడు. కొళాయి తిప్పాడు, కట్టాడు, మళ్ళీ తిప్పాడు. వాడి ముఖంలోకి ఒక రంగు వచ్చింది. ఆ రంగు నాకు బాగా తెలుసు, అద్దంలో ఏడాది పాటు చూశాను.

"అన్నా," అన్నాడు, "బండ్లు మార్చుకుందామా?"

అక్కడ నేను చెయ్యాల్సింది ఒకటే. కుదరదప్పా అని చెప్పి, వాడి ముఖం చూసుకుంటూ ఇంటికి రావాలి. దానికోసమే కదా ఇంత దూరం వచ్చాను. కానీ ఆ పరుపు, ఆ తెరలు, మా వీధి వీధంతా వచ్చి చూసిన ఆ వ్యాను నాదవుతుందంటే తర్కం పని చేయలేదు. వాడు మాట పూర్తి చేసేలోపలే సరే అన్నాను. నాగమ్మ వెనక నుంచి నా పంచె లాగుతోందని తర్వాత తెలిసింది.

మస్తాన్ నడపగా ఓబుళరెడ్డి వ్యానులోనే ఇంటికి వచ్చాం. పరుపు మెత్తగానే ఉంది. పది రోజులు సుఖంగా గడిచాయి. పదకొండో రోజు సుబ్బమ్మ దగ్గర నుంచి నాగమ్మకు జాబు వచ్చింది. నాగమ్మ దాన్ని నాకు వినిపించేటట్టు చదివింది. కొత్త వ్యాను శానా బాగుండాదట. ఏ జాతరకు పోయినా జనం పక్కకు తప్పుకుని దారి ఇస్తారట. ఏటి ఒడ్డున నీడగా ఉన్న చోటు వీళ్ళ కోసమే ఖాళీ అవుతుందట. హోటళ్ళలో కాఫీకి డబ్బు తీసుకోరట. ఓబుళరెడ్డి ఒక తెల్ల కోటు కూడా కుట్టించుకున్నాడట.

మా వ్యాను ఎక్కడ ఆపినా పిల్లలెక్కి పరుపు మీద గెంతుతారు. కాఫీకి డబ్బులిస్తాం.

ఇన్నేళ్ళూ వాడి కుర్చీని చూసి, వాడి వ్యానును చూసి కుళ్ళుకున్నాను. అందులో ఒక న్యాయం ఉంది, అవి వాడివి. సొంత బండిని చూసి కుళ్ళుకోవడం మాత్రం నాకు ఇదే మొదటిసారి.

మొన్న గురువారం వాళ్ళు మా ఊరి మీదుగా వచ్చారు. వీధి మొదట్లో హారన్ వినిపించగానే టపటపా ఇళ్ళన్నీ తలుపులు వేసుకున్నాయి. మా ఇల్లు కూడా వేసుకుంది. నాగమ్మ పెరట్లో నుంచి పరిగెత్తుకు వచ్చి, సూదులోళ్లు కాదు, మనోళ్లే, తలుపు తియ్యమని నా మీద అరిచింది.

మనవాళ్ళేనని తెలిసే గడియ పెట్టుకున్నవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే.