మూడు శ్రుతి గొంతు

యూనివర్సిటీలో సంగీతం చదివానని తెలియగానే మా వైపు అందరూ అడిగేది ఒకటే. "అయితే ఒక పాట పాడమ్మా." పాడలేనంటే బడాయి అనుకుంటారు. బతిమాలించుకుంటోందని మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఒళ్లు మండుతుంది. కానీ ఈ కథంతా మొదటి నుంచి చెప్పే ఓపిక ఎప్పుడూ లేకపోయింది. ఇక్కడ చెబుతాను.

మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే ఇల్లు. మా నాన్న శనివారం భజనలో పాడేవాడు. అరవకుండానే వీధి చివరిదాకా వినబడే గొంతు, కింద నుంచి నిండుగా వచ్చేది. అదే నాకూ వచ్చింది. ఆడపిల్లకి ఆ గొంతేమిటని చుట్టాలు నవ్వేవారు. నాన్న మాత్రం, "ఎవులేటన్నా అననీ. నీ గొంతు మన నూతిలాగ లోతుగున్నాది" అనేవాడు.

ఇంటర్ అయ్యాక నన్ను నర్సింగులో చేర్పిద్దామని మా మావ, అంటే అమ్మ తమ్ముడు, అన్నాడు. నాన్న వినలేదు. సంగీతం డిగ్రీ చదివితే కచేరీలు చెయ్యొచ్చు, లేదంటే బళ్లో సంగీతం టీచరు కావచ్చు, రెండింట్లో ఒకటి దొరక్కపోదని ఆయనకెవరో చెప్పారట. ఆ మాట పట్టుకుని నన్ను విజయనగరం పాసింజరు ఎక్కించాడు. అక్కడ హాస్టల్లో ఉండి నాలుగేళ్లు చదివాను.

శ్రుతి గురించి కొంచెం చెప్పాలి. ప్రతి గొంతుకీ హాయిగా నిలబడే చోటు ఒకటుంటుంది. దాన్ని హార్మోనియం మెట్ల లెక్కన ఒకటి, రెండు, మూడు అని చెబుతారు. మగవాళ్లు మామూలుగా ఒకటి, రెండు దగ్గర పాడతారు. ఆడవాళ్లు నాలుగున్నర, అయిదు. నాది మూడు. అది తప్పూ కాదు, జబ్బూ కాదు. కాళ్లకి చెప్పుల సైజు ఉన్నట్టే గొంతుకి ఇది సైజు. ఇంత చిన్న సంగతి నాకు ఒంటబట్టేసరికి చదువు అయిపోవచ్చింది.

క్లాసులో పదకొండు మంది అమ్మాయిలం. ఒక మేడమ్, ఒక శ్రుతిపెట్టె. పదకొండు మందికి పదకొండు శ్రుతులు పెడితే పాఠం ఎప్పటికి అవుతుంది? అందుకని అందరికీ అయిదే. మేడమ్ గొంతూ అయిదే. ఆమె మంచి మనిషి, ఈ మాట ఇప్పటికీ అంటాను. మధ్యాహ్నం తన క్యారేజీలోంచి పెరుగన్నం సగం నాకు పెట్టేది. కానీ నేను పై సా, అంటే సరిగమల చివర పైన వచ్చే సా, దగ్గరికొచ్చి ఆగిపోతే కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తేది.

"పైకి. ఇంకొంచెం పైకి. నిన్న అందింది కదా!"

నిన్న అందలేదు. నిన్న అరిచాను. ఆ తేడా ఆవిడకి తెలిసీ ఊరుకుందా, పదకొండు గొంతుల్లో కలిసిపోయి వినబడలేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడని అనడమెందుకు, నేనైనా నోరు విప్పి చెప్పానా? చెప్పలేదు. చేరిన మొదటి వారం ఒక్కొక్కరినీ ఏదైనా పాడమన్నారు. నేను ఇంట్లో పాడుకునేట్టు కిందనే పాడాను. వెనక వరసలోంచి ఒకమ్మాయి, "ఏటి బావా, జలుబు సేసిందా?" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి హాస్టల్లో నన్ను బావ అనే పిలిచేవారు. ముద్దుగానే పిలిచేవారు, నేనూ పలికేదాన్ని. ఇక జన్మలో కిందకి దిగి పాడనని మాత్రం ఆ సాయంత్రమే అనుకున్నాను.

సెలవులకి ఇంటికి వెళ్లి సాధన చేస్తుంటే నాన్న ఎడ్లకి కుడితి పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుని విన్నాడు.

"ఏటమ్మా, అలగ పీక నులుముకున్నట్టు పాడతన్నావు? అది నీ గొంతు కాదు గదా."

"నీకు తెలీదు నాన్నా. శాస్త్రీయ సంగీతం అలాగే ఉంటాది."

"సదువుకున్నదానివి. నీకే తెలస్తాది" అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆయన మీద కూడా కోపం తెచ్చుకున్న రోజులున్నాయి.

నాలుగో ఏడు రెండు గండాలు. ఒకటి బోధన, అంటే బడికి వెళ్లి నెలరోజులు పిల్లలకి పాట నేర్పడం. రెండోది ఆఖర్న కచేరీ పరీక్ష. బోధనకి నన్ను శృంగవరపుకోట వైపు ఒక హైస్కూలుకి వేశారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లేదాన్ని. సంగీతం పీరియడంటే మిగతా మేష్టర్లకి కాస్త ఊపిరి తీసుకునే పీరియడు. మూడు సెక్షన్లూ కలిపి వరండాలో కూర్చోబెట్టి నాకు అప్పగించేవారు. పక్కనే రోడ్డు. మైకు లేదు. పిల్లలు పాడటం కాదు, పోటీలు పడి కేకలు పెట్టేవారు. వాళ్ల కేకలకి మించి నేను పాడాలి. ముచ్చటగా ఉండేది కూడా, అబద్ధం చెప్పను. గంట కొట్టాక కూడా నా వెంట బస్సుదాకా పాడుతూ వచ్చేవారు. మార్కులు వెయ్యడానికి వచ్చినాయన చివరి వరస వెనక కుర్చీ వేయించుకుని, అక్కడిదాకా వినబడిందని నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ వేశాడు.

ఆ వారమే గొంతు పోయింది. బస్సులో టికెట్టు అడుగుదామని నోరు తెరిస్తే గాలి వచ్చింది.

విజయనగరంలో గొంతు డాక్టరు సన్నటి గొట్టం పెట్టి చూసి, తెరమీద నాకూ చూపించాడు. రెండు పక్కలా చిన్న గింజల్లాంటివి ఉన్నాయి. "మీ అమ్మ కొడవలి పడుతుందా? అరచేతిలో కాయలుంటాయి కదా. అలాంటివే ఇవి. సైజు కాని చెప్పులేసుకుని ఎన్నాళ్లు నడిచావమ్మా?" అన్నాడు. ఆరు వారాలు నోరు మెదపొద్దన్నాడు. పరీక్ష ఏడో వారంలో ఉంది.

ఆ ఆరు వారాలూ నాన్న రోజూ ఫోను చేసేవాడు. ఆయనకి మెసేజీలు చదవడం రాదు. అందుకని ఆయన మాట్లాడితే నేను గోటితో ఫోను మీద కొట్టేదాన్ని. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. "తిన్నావా?" టక్. "నొప్పుందా?" టక్ టక్. "పాడగలవా?" అని అడిగిన రోజు ఏమీ కొట్టకుండా పట్టుకుని కూర్చున్నాను. ఊడుపులు ఎంతవరకూ వచ్చాయో చెప్పి పెట్టేశాడు.

పరీక్ష ముందురోజు మేడమ్‌కి కాగితం మీద రాసి చూపించాను. "మూడులో పాడతాను." ఆవిడ చదివింది.

"నీ శ్రుతి మూడా? ముందే ఎందుకు చెప్పలేదే?"

నాకు ఏడుపు రాలేదు. ఆ కాగితం నలిపి ఆవిడ మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

మర్నాడు నాన్న కూడా వచ్చాడు, భుజం మీద కొత్త తువ్వాలు వేసుకుని. మేడమే వచ్చి తన చేత్తో శ్రుతిపెట్టె మూడుకి దించింది. వయొలిన్ కుర్రాడు విసుక్కుంటూ తీగలు మళ్లీ సరిచేసుకున్నాడు. నేను నోరు తెరిచాను.

అది ఎలా చెప్పను? నాలుగేళ్లుగా వెతికిన గొంతు అక్కడే, నా కిందనే ఉంది. ఆలాపన మొదలుపెట్టగానే ఎగ్జామినరు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తాడు. వయొలిన్ కుర్రాడి విసుగు పోయింది. మొదటి వారం నన్ను బావా అన్న అమ్మాయే కళ్లు తుడుచుకోవడం చూశాను. పది నిమిషాలు పాడాను. ఆ పది నిమిషాలే నా జీవితంలో నేను చేసిన కచేరీ. తరవాత పాట మధ్యకొచ్చి పై సా వైపు వెళ్లాను, అక్కడ ఏమీ లేదు. మూడు శ్రుతిలో సునాయాసంగా అందాల్సిన చోటు. పెదవులు ఆడుతున్నాయి, మృదంగం నడుస్తోంది, గాలి తప్ప ఏదీ రావడంలేదు. చిన్నగా ముగించి దండం పెట్టాను.

తిరుగు రైల్లో పొందూరు దాటాక నాన్న తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తరవాత, "మొదట్ల పాడినావు సూడు, అదీ నీ గొంతు" అన్నాడు.

సెకండ్ క్లాసులో పాసయ్యాను. కాయలకి ఆపరేషన్ చేయించారు. గొంతు సగమే తిరిగొచ్చింది. మాటలకి చాలుతుంది, పాటకి చాలదు. బళ్లలో సంగీతం పోస్టులు పడతాయని మేం చదువుకునే రోజుల్లోనే అనేవారు. ఇంకా అంటూనే ఉన్నారు. ఇప్పుడు ఆమదాలవలసలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరుని. నేను పాడి నేర్పను. ఫోనులో ట్రాకు పెడతాను, పిల్లలు దాంతోపాటు పాడతారు. చెయ్యి పైకీ కిందకీ ఊపి చూపిస్తాను. పనికొచ్చే టీచరుననే అంటారు.

మొన్న వార్షికోత్సవానికి ముందురోజు నలభై మందితో రిహార్సలు. ప్రిన్సిపాలు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నారు. చివరి వరసలో ఏడో తరగతి పిల్ల, ఆ మధ్యే చేరింది, ట్రాకు శ్రుతి కంటే ఎక్కడో కింద, వేరేగా పాడుతోంది. పక్క పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుతున్నారు. ఒక్క వరస వినగానే తెలిసిపోయింది. మూడు. నిండుగా, బెదురు లేకుండా, మా ఇంటి అరుగు మీద నుంచి వచ్చినట్టుంది.

ట్రాకు శ్రుతి దించడానికి ఫోనులో ఒక్క మీట చాలు. దించితే మిగతా ముప్ఫై తొమ్మిది మంది గోల చేస్తారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆ పిల్లని తప్పించి పక్కన కూర్చోబెట్టొచ్చు, లేదా దగ్గరికి పిలిచి విషయం చెప్పొచ్చు. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తోచాయి. ఏవీ చెయ్యలేదు. ప్రిన్సిపాలు మళ్లీ గడియారం చూశారు. నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"పైకి" అన్నాను, మిగిలిన ఈ సగం గొంతుతో. "ఇంకొంచెం పైకి."

ఆ పిల్ల మెడ నరాలు పొంగాయి. అరిచింది. ట్రాకుతో కలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు, ప్రిన్సిపాలుతో సహా. అయిపోయాక పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది, మొహమంతా చెమట.

"మేడమ్, అందింది గదా?"

"అందిందమ్మా" అన్నాను. "రేపు ముందు వరసలో నిలబడు."