గోడ మీదుగా క్లచ్ రిపేరు

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ ఏడాది మా కాలేజీ నెలల తరబడి తెరవలేదు. నాకు పంతొమ్మిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు కొంచెం ఖాళీ జాగా ఉండేది, అందులో మా నాన్న కారు. ఆయన నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి చాలా ఏళ్లు ఒకరి దగ్గర డ్రైవరుగా పనిచేసి, ఆ యజమాని వాడి వదిలేసిన కారునే తీసుకుని కిరాయికి తిప్పేవాడు. బస్సులు ఏ రోజు నడుస్తాయో ఏ రోజు ఆగుతాయో తెలియదు కాబట్టి, దవాఖానకు పోవాల్సిన వాళ్లంతా మా గేటు దగ్గరికే వచ్చేవారు.

అలాంటి సమయంలో క్లచ్ ప్లేటు అరిగిపోయింది. మెకానిక్ షెడ్లు మూసి ఉన్నాయి. నాన్న కొత్త ప్లేటు ఎక్కడినుంచో సంపాదించుకొచ్చి తనే వేయడానికి దిగాడు. గేర్‌బాక్సు దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు ఒక కొస నేను పట్టుకున్నాను. అమ్మ కిటికీలోంచి చూసి, ఆడపిల్ల చేతులకు ఆ నలుపేమిటని గొణిగింది. నాకు మాత్రం విప్పిన ప్రతిదాన్నీ తిప్పి చూడాలనిపించింది.

అన్నీ బిగించాక నాన్న పెడల్ తొక్కాడు. నానిన అటుకుల మీద కాలు వేసినట్టు అది మెత్తగా నేల దాకా దిగిపోయింది. గేరు వేయబోతే కరకరమంది. వెంటవెంటనే మూడు నాలుగుసార్లు తొక్కితే కాస్త గట్టిపడేది, అప్పుడు గేరు పడేది. కాలు తీసి కాసేపు ఆగితే మళ్లీ మెత్తనే.

"పైపుల గాలి చేరింది," అన్నాడు నాన్న.

ఆ కారులో పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య తీగ ఉండదు, బ్రేకులకు పోసే ఆయిలే ఉంటుంది. పెడల్ దగ్గర ఒక చిన్న సిలిండర్, కింద గేర్‌బాక్సు పక్కన ఇంకొకటి. పైన నొక్కితే ఆయిల్ కింది దాన్ని తోస్తుంది. మధ్యలో గాలి చేరితే, నొక్కిన బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. కింది సిలిండర్‌కు ఉన్న నిపుల్ అనే చిన్న మర వదులు చేసి గాలి బయటికి పంపాలి. నేను తొక్కుతూ ఉన్నాను, నాన్న కారు కింద పడుకుని, నిపుల్‌కు గొట్టం తగిలించి దాని కొస ఆయిల్ ఉన్న సీసాలో పెట్టి, నిపుల్ తిప్పుతూ ఉన్నాడు. సీసాలోకి మొదట రెండు బుడగలు వచ్చాయి, తర్వాత ఉత్త ఆయిలే. గాలి పోయిందనుకున్నాం. పెడల్ మాత్రం మారలేదు.

"ప్లేటు ఉల్టా ఏసిన్నా ఏంది?" అని నాన్న తల పట్టుకున్నాడు. అంటే గేర్‌బాక్సు మళ్లీ దించాలి.

అప్పుడు గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. "అమ్మాయ్, వెంటవెంటనే తొక్కితే గట్టిపడుతోందా?"

అది పక్కింటి బాబాయి గొంతు. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆయన లారీల వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఇదివరకు ఆయనా నాన్నా గోడకు ఆనుకుని ఇంజన్ల కబుర్లు చెప్పుకునేవారు. మా చిన్నాన్నకు రావాల్సిన ఉద్యోగం ఆంధ్ర వైపు మనిషికి పోయిందని నాన్న ఒక సాయంత్రం అన్నాడు. దానికి నేనేం చేశానని ఆయన అన్నారు. మాట మీద మాట పెరిగింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన కారు కిందికి చూస్తూ, "చెప్పు," అన్నాడు.

"గట్టిపడుతోంది బాబాయ్. ఆగితే మళ్లీ మెత్తబడుతోంది."

"అయితే ప్లేటు జోలికి పోవద్దని చెప్పు. కాలుతో నొక్కి అలాగే పట్టుకో. మెల్లగా కిందికి జారుతోందేమో చూడు."

పిక్కలు నొప్పి పుట్టేదాకా నొక్కి పట్టుకున్నాను. జారలేదు. ఎందుకిలా అని అడిగాను. పై సిలిండర్‌లో రబ్బరు అరిగితే ఆయిల్ వెనక్కి తప్పించుకుంటుందని, అప్పుడు పెడల్ జారుతుందని ఆయన చెప్పారు. నాన్న వినకుండా ఉన్నట్టు నటించాడు కానీ, చేతిలో పానా తిప్పడం ఆపేశాడు.

"కింది రబ్బరు పైపు పట్టుకుని చూడమను. తొక్కితే ఉబ్బుతోందా? ఉబ్బితే బలం అందులోనే పోతుంది."

ఈసారి నాన్న తొక్కాడు, నేను కింద దూరి పైపు పట్టుకున్నాను. ఉబ్బలేదు.

గోడ అవతల బాబాయి ఇంకాస్త దగ్గరికి జరిగిన అడుగుల చప్పుడైంది. తర్వాత, "ప్లేటు మార్చేటప్పుడు కింది సిలిండర్ ఊడదీశారా?"

"తీసిన్నని చెప్పు," అన్నాడు నాన్న.

"నిపుల్ పైకుందా, కిందికుందా?"

నేనింకా కారు కిందే ఉన్నాను. తల తిప్పి చూశాను. నిపుల్ నేలవైపు చూస్తోంది. ఆయన చెప్పకముందే నాకు సీసా గుర్తొచ్చింది, అందులో బుడగలు పైకే కదా పోయాయి. సిలిండర్‌లో గాలి పైభాగాన దాక్కుంటే, కింది రంధ్రం ఎన్నిసార్లు తెరిచినా వచ్చేది ఆయిలే.

"నాయినా, ఇది తిరగబడ్డది. గాలి మీదనే ఉండిపోయింది."

నాన్న నా పక్కకు పాకి వచ్చి చూశాడు. బోల్టు వదులు చేసి సిలిండర్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాడు. ఆయిల్ డబ్బా వంచితే అడుగున చుక్క లేదు. గాలి తీయడంలోనే అంతా అయిపోయింది, దుకాణాలు బంద్. కాసేపు ఆ డబ్బాను చూస్తూ నిలబడి, గోడ దగ్గరికి నడిచాడు.

"బ్రేక్ ఆయిల్ ఉన్నదా మీ తాన?"

"ఉంది," అని బాబాయి డబ్బా పట్టుకుని మా గేటులోంచి వచ్చారు.

ఈసారి సీసాలో బుడబుడమని ఎంత గాలి వచ్చిందో. నా కాలి కింద పెడల్ కొంచెం కొంచెంగా గట్టిపడటం తెలుస్తూనే ఉంది.

నడిపి చూద్దామని విజయవాడ రోడ్డు మీద బయల్దేరాం. ముందు వాళ్లిద్దరూ, వెనక నేను. ఇప్పుడు ఎల్బీనగర్ కూడలి అంటున్న చోట అప్పుడు చేలూ బండరాళ్లూ ఉండేవి. అక్కడ ఉద్యమం కుర్రాళ్లు కొందరు రోడ్డుకు అడ్డంగా కొమ్మలు వేసి నిలబడి ఉన్నారు. ఒకడు కిటికీలోకి వంగి బాబాయిని, "మీదేవూరన్నా?" అని అడిగాడు. నోరు తెరిస్తే ఆయన మాట ఎటువైపుదో తెలిసిపోతుంది.

"మా పక్కింటాయన," అన్నాడు నాన్న. "క్లచ్ ఏసినం, ఎట్ల పోతున్నదో చూస్తున్నం. జర కొమ్మ తియ్యి తమ్మీ."

వాడు ఇద్దరి చేతులకున్న గ్రీజు చూశాడు. కొమ్మ లాగేశాడు.

నాన్న కారు ముందుకు పోనిచ్చాడు. తర్వాత బాబాయి, "సెకండ్‌లోకి ఇంకోసారి వేయండి, వింటాను," అన్నారు. నాన్న వేశాడు. చప్పుడు లేదు.

ఇంటికొచ్చాక, ఆయిల్ ఇనుమును ఎలా తోస్తుందని నేను బాబాయిని వదలకుండా అడిగాను. ఆయన వాళ్లింట్లోంచి ఒక పాత సిలిండర్ తెచ్చి విప్పారు. లోపల బొటనవేలంత నల్ల రబ్బరు గిన్నె. అంత కారు దీని మీద ఆధారపడి నడుస్తుందా అనిపించింది. లోపల కాస్త ఆయిల్ పోసి, రంధ్రానికి నా వేలు అడ్డం పెట్టమని చెప్పి, ఆయన అవతలి నుంచి కడ్డీ తోశారు. వేలిని ఎవరో లోపలి నుంచి నెడుతున్నట్టు అనిపించింది. నాన్న కూడా వచ్చి మెట్టు మీద కూర్చుని, తన వేలు పెట్టి చూశాడు.