బ్యాటరీ లేని బండిలో పది నిమిషాలు

దెయ్యాల కథలంటే నవ్వే మనిషిని నేను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పిల్లలెవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే, చూసినవాళ్లను వెంటబెట్టుకు రమ్మని పంపేసేదాన్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే మొహమాటం.

మా పాప ఒకటో తరగతి చదువుతున్న ఏడు, అంటే రెండువేల అయిదులో, పార్వతీపురం నుంచి అద్దె వ్యానులో బయల్దేరాం. అరకు చూసుకుని, పాడేరు మీదుగా మారేడుమిల్లి దాకా వెళ్లాలని. నేను, మావారు, పాప, డ్రైవర్ అప్పలనాయుడు. అంతే.

పాపకు ఆయాసం ఉంది. మందును పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఎప్పుడూ దగ్గరుండాలని డాక్టరు చెప్పాడు. అది ఇంటి కరెంటు మీదే పనిచేస్తుంది. దానికోసం మావారు ఒక చిన్న ఇన్వర్టర్ కొన్నారు. బండిలో సిగరెట్ లైటర్ ఉండే రంధ్రంలో దాని వైరు పెడితే, బ్యాటరీ నుంచి ఇంటి కరెంటు తయారవుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం డుంబ్రిగుడ దాటాక, ఎత్తు మీద బండి ఆపి అన్నాలు తిన్నాం. ఇంజను ఆపేసి ఉంది. పాప బొమ్మల సినిమా చూస్తానంటే ఇన్వర్టర్‌కు డీవీడీ ప్లేయర్ పెట్టాను. సెల్‌ఫోన్లు, కెమెరా కూడా ఛార్జింగ్‌కి దానికే తగిలించాను. అన్నీ తగిలించింది నేనే. బయల్దేరబోతే బండి కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

ఎదురు ఎత్తు. తోసే వీలు లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. వెనక్కి డుంబ్రిగుడ వైపు వెళ్తున్న జీపును ఆపి, అప్పలనాయుడు మా బండి బ్యాటరీ ఊడదీశాడు. డుంబ్రిగుడలో ఇంకో బ్యాటరీ దొరక్కపోతే దీన్నే ఛార్జింగ్ పెట్టించి తెస్తామని మావారూ అతనూ వెళ్లారు. ఆయన నా వైపు చూడకుండానే జీపెక్కారు. పాప నిద్రపోతోంది.

గంట గడిచిందేమో. కొండ మీద నుంచి మంచు దిగి, రోడ్డు పక్కనున్న వలిసె చేను కనబడకుండా పోయింది. ఒక్క బండీ రాలేదు. నా గడియారం టిక్కుటిక్కు నాకే వినబడుతోంది.

అప్పుడు పాప లేచింది. ఊపిరి అందడం లేదు. గొంతు దగ్గర చర్మం లోపలికి పోతోంది, పెదవులు నల్లబడుతున్నాయి. రోడ్డు మీదికి పరుగెత్తి అరిచాను. నా గొంతు మంచులోనే ఉండిపోయినట్టనిపించింది.

తిరిగొచ్చి మందు గొట్టం తుంచి నెబ్యులైజర్ గిన్నెలో పోశాను. పాప మొహానికి మాస్కు పెట్టాను. మిషన్ వైరు ఇన్వర్టర్‌కు తగిలించి, బ్యాటరీ లేదని తెలిసే స్విచ్ నొక్కాను. చేతులకు ఇంకో పని తెలియలేదు.

ఇన్వర్టర్ మీద పచ్చ దీపం వెలిగింది. మిషన్ గుర్రుమంది. మాస్కులోంచి తెల్లటి పొగ వచ్చింది.

గడియారం వైపు చూశానే తప్ప నేను కదల్లేదు. కదిలితే ఆగిపోతుందేమోనని.

మధ్యలో కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. తలమీద బుట్టతో ఏజెన్సీ ఆవిడ. సంతనుంచి వస్తున్నట్టుంది.

"ఏటమ్మా, ఒక్కదానివే ఉన్నావు? లోపల ఏటి ఆ సప్పుడు?"

పాపకు మందు పెడుతున్నానని చెప్పాను. ఆవిడ పాపను చాలాసేపు చూసింది. "తగ్గిపోతాది. నీ గుంట బేగి పడుకుంటాది," అని మంచులోకి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

గడియారం చూశాను. మిషన్ మొదలై సరిగ్గా పది నిమిషాలు. గిన్నెలో మందు అయిపోయాక మిషన్ ఆగింది. నేను స్విచ్ ముట్టుకోలేదు. పాప ఊపిరి తేలికపడి నిద్రపోయింది. బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. వైర్ల చివరలు గాల్లో ఉన్నాయి.

వాళ్లు తిరిగొచ్చాక అంతా చెప్పాను. అప్పలనాయుడు చేతిలో బ్యాటరీతో అలాగే నిలబడిపోయాడు. "బేటరీ మా సేతిలోనే ఉంది కదమ్మా. మిసను ఎలాగాడుతాది?" అన్నాడు.

ఖాళీ మందు గొట్టం, తడిసిన మాస్కు మావారికి చూపించాను. ఆయన పాప నుదురు తాకి చూశారు. "భయంలో అలా అనిపించి ఉంటుంది. ఇంక ఎవరితోనూ అనకు," అన్నారు. మారేడుమిల్లి వెళ్లకుండానే వెనక్కి తిరిగాం. దారిలో ఆయన ముందు సీట్లో, నేను వెనక పాపను ఒళ్లో పెట్టుకుని. తర్వాత కూడా ఆ మాట వస్తే ఆయన లేచి వెళ్లిపోయేవారు.

ఇన్వర్టర్‌లో మిగిలిన కరెంటేమో అని నేనూ లెక్కలు వేశాను. అలా మిగిలేది ఒకటి రెండు సెకన్లు. పది నిమిషాలు కాదు.

మరుసటి నెల పసుపు కొనాలని ఇంట్లో చెప్పి, ఒక్కదాన్నే డుంబ్రిగుడ సంతకు వెళ్లాను. బుట్టలు పెట్టుకున్న ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూశాను. నలుగురైదుగుర్ని అడిగాను కూడా. మర్యాదగా తల అడ్డంగా ఊపారు. ఆవిడ కనబడితే అడగాలనుకున్నది ఒక్కటే, ఆ చప్పుడు నిజంగా విన్నావా అని.

పొద్దు వాలకముందే తిరుగు బస్సెక్కాను. పక్క సీటావిడ ఎందాకా అని పలకరిస్తే ఊరి పేరు చెప్పి, కిటికీ వైపు తిరిగిపోయాను. ఆ పది నిమిషాలు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.