షష్టిపూర్తికి కొత్త ముఖం

ఆగస్టు 21, గురువారం, జార్జి టౌన్. మా చెల్లెలి భర్త షష్టిపూర్తి హోమం. హాజరైనవారు: దంపతులు, వాళ్ల కూతురు, పురోహితుడు, ఫోటోగ్రాఫరు, నేను.

అద్దం కనబడితే చాలు, రెండు వేళ్లతో చెంపను చెవివైపు లాగి చూసుకోవడం చెల్లెలి భర్త అలవాటు. చివరికి ఆ లాగే పనిని సర్జనుకు అప్పగించాడు, వదులైన కనురెప్పలు కూడా కోయించుకున్నాడు. వాపు తగ్గడానికి మూడు వారాలు పడుతుందనీ, అంతవరకు కళ్లకు పొగ తగలరాదనీ సర్జను చెప్పాడు. ఈ మహానుభావుడు పన్నెండో రోజే కూలింగ్ గ్లాసు పెట్టుకుని హోమం ముందు కూర్చున్నాడు.

"అరవై నిండినాయని పూజ, నిండలేదని మొహమా? లేచి ఈడికి రాండి, చూపు పోతాది" అంది చెల్లెలు.

"సుమ్మా గమ్మునుండవే, ఫోటో తీస్తాండారు."

మర్నాడు పొద్దున ఆయన రెప్పలు వాచి తెరుచుకోలేదు. ఫోటోలు చెల్లెలి ఫోనుకు వచ్చాయి.

"ఎట్లుండానే?" అని అడిగాడు.

"ఒక్క ముడత లేదండీ, అంతా వాపే" అని, చెల్లెలు కంటి డాక్టరు దగ్గరికి ఆటో పిలిచింది.