అత్తరు సీసా మీద ముక్కుపుడక

నా భార్య చనిపోయిన ఏడాది, పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, కుప్పం నుంచి మదనపల్లెకు బస్సులో వస్తున్నాను. ఆమె వాడిన ఖాళీ అత్తరు సీసా నా చేతిలో ఉంది. దాని లేబుల్ మీద గులాబీ వాసన చూస్తున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఆ ముఖం నా భార్య ముఖంలా అనిపించి దాన్ని పారేయలేకపోయాను.

పక్క సీట్లోని ముసలి సాయిబు చాలాసేపటినుంచి సీసానే చూస్తున్నాడు.

"ఒకసారి ఇస్తావా అప్పా? ఆ బొమ్మ నేను ఏసిందే."

ఇచ్చాను. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"మా ఇంటామెను సూసి ఏసినా. లేబుళ్లు అచ్చేసే రాయి మీద బొమ్మ తిరగేసి గీస్తేనే కాగితంలో సరిగ్గా పడతాది. నేను మర్సిపోయి ఉండేది ఉండేట్టే గీసేసినా. ఎడమ పక్క ముక్కుపుడక కుడి పక్కకు పొయ్యింది. ఇన్నేండ్లూ నా ముఖం సూసింది ఇంతేనా అని సచ్చిపోయేదాకా ఎగతాళి సేసింది."

"ఆమె ఫోటో లేదా?"

"యాడిదప్పా. ఈ లేబులు గూడా నాకాడ లేదు. ఈ సీసా ఎవురిది?"

"మా ఆవిడది. ఈమధ్యే పోయింది."

ఆయన సీసా నాకు తిరిగి ఇవ్వబోయాడు. మీరే ఉంచుకోండి అన్నాను. ఆ మాట కష్టంగానే వచ్చింది.

"వద్దప్పా. ఆయమ్మ సెయ్యి పట్టిన సీసా."

పుంగనూరులో దిగేముందు లేబుల్‌ను చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

నా భార్య ముక్కుపుడక కూడా, ఆ బొమ్మలో లాగే, కుడివైపే ఉండేది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. సీసా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ బొమ్మలో ఆమెను వెతుక్కోవడం మాత్రం ఆ రోజుతో మానేశాను.