మనవాళ్ళు ఆఖరున

మా వీధిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వందనం గారు అంటేనే తెలుస్తుంది. ఇనప సామాన్ల కొట్టు పై అంతస్తులో ప్రతి గురువారం సాయంత్రం మా సేవా క్లబ్బు సమావేశం జరిగేది. అధ్యక్షుడు గంట కొడితే మొదలు, వందనం గారు లేచి వందన సమర్పణ చేస్తే ముగింపు. అధ్యక్షులు ఏడాదికొకరు మారేవారు. మెడలో వేసుకునే గొలుసు ఒకటే, మెడలే వేరు. వందన సమర్పణ మాత్రం ఎప్పుడూ ఆయనదే. సభకు వచ్చిన పెద్దల దగ్గర మొదలుపెట్టి, మైకు సరిచేసినవాడిదాకా, టీ పోసినామెదాకా పేరుపేరునా తలుచుకునేవారు. ఆఖర్న, "ఎవరి పేరైనా మరిచిపోయి ఉంటే పెద్ద మనసుతో మన్నించాలి" అనేవారు. ఆ మాట సగంలో ఉండగానే జనం కుర్చీలు వెనక్కి జరిపేవాళ్ళు.

ఆయన వృత్తి ఫోటోలకు ఫ్రేములు కట్టడం. నా అద్దె పుస్తకాల కొట్టు పక్కనే ఆయన కొట్టు. చెక్క కోసి మేకులు దిగ్గొట్టేది ఆయన. అద్దం తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఇక పోవచ్చు అనేది ఆయన భార్య. నేను ఆయన్ని అన్నయ్యా అనేవాణ్ణి కాబట్టి ఆవిడ నాకు వదిన. వదిన కళ్ళు దాటి చిన్న మరక కూడా బయటికి పోయేది కాదు. "ఇదిగో వేలిముద్ర. మీదే. పోలీసులక్కర్లేదు, నేను చాలు" అని ఫ్రేము ఆయన చేతికి తిరిగిచ్చేది. పనిలేని మధ్యాహ్నాలు నా దగ్గర నవల తీసుకుని కొట్టు మెట్టు మీద కూర్చుని చదివేది. నచ్చిన మనిషిని చివర్లో చంపేసిన రచయితను, పుస్తకం తిరిగిస్తూ, నేనే రాసినట్టు నన్ను తిట్టిపోసేది.

వాళ్ళింట్లో ఒక పాత పరిహాసం ఉండేది. ఊరందరికీ వందనాలు చెప్తారు, చొక్కా ఇస్త్రీ చేసిందెవరో చెప్పరు, ఆ మరిచిపోయినవాళ్ళలో మొదటి పేరు నాదే అనేది వదిన. మనవాళ్ళకి వందనాలేమిటి ఎబ్బెట్టుగా అనేవారు ఆయన.

మా క్లబ్బు బడిపిల్లలకు సంచులిచ్చేది, మొక్కలు నాటేది. గుంటలు పాతవే, మొక్కలే కొత్తవి అని మాలో మేమే నవ్వుకునేవాళ్ళం. అన్నింట్లోకీ నిజమైన పని ఏటా బడి హాల్లో పెట్టే కంటి శిబిరం. ఒక ఏడాది ఆ శిబిరంలో సభ్యుల బావమరుదులూ, పిన్నులూ, వియ్యంకులూ ముందు బల్లలన్నీ ఆక్రమించేశారు. దూరం నుంచి నడిచి వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి నిలబడి, డాక్టర్ల వ్యాను కదిలాక తిరిగిపోయారు. ఆ వారం వందనం గారు తన వంతు రాకముందే లేచారు. చుట్టాలకు చేసేది సేవ కాదని, అది పెళ్ళిభోజనాల పంక్తి అని అన్నారు. ఇకమీదట మనవాళ్ళు ఆఖరున నిలబడాలి అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అప్పటి అధ్యక్షుడు, మందుల షాపాయన. ఆ మాటను అందంగా రాయించి గోడకు తగిలించారు. ఫ్రేము వందనం గారే కట్టారు.

సభ్యుల ఇళ్ళవాళ్ళు ఆ తర్వాత శిబిరానికి రావడం మానేసి, కళ్ళు బయట డాక్టర్లకు చూపించుకున్నారు. అందరికీ అది గోడ మీది మాట. ఆయనకే ఇంట్లో మాట.

ఆ రోజుల్లోనే వదిన గుమ్మాలకు భుజం కొట్టుకోవడం మొదలైంది. పక్కన పెట్టిన టీ గ్లాసు మోచేతికి తగిలి పడిపోయేది. నవల చదువుతుంటే కళ్ళు కదిలే బదులు తల కదిలేది. ఒకరోజు ఎవరో ఫ్రేము వెనక్కి తెచ్చారు. అద్దం మూలన, లోపలివైపు, స్పష్టంగా వేలిముద్ర. వదిన ఆ అద్దాన్ని మళ్ళీ మళ్ళీ వెలుతురుకి ఎత్తి చూసింది. సాయంత్రం నా ఎదుటే ఆయనతో అంది:

"నడిమధ్య బాగానే ఉందండీ. చుట్టూతా నల్ల అట్ట పెట్టినట్టుంది."

ఫోటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట గురించి ఆవిడ చెప్పింది. రోజూ ఆ అట్ట కోసే మనిషి నవ్వేశారు. అట్టేగా, డాక్టరు తీసేస్తాడు, శుక్లమై ఉంటుంది, శిబిరం దగ్గర పడుతోందిగా అన్నారు. బస్టాండు పక్కనే కంటి ఆస్పత్రి ఉంది కదన్నయ్యా అన్నాను నేను. ఆయన ముఖం మారింది.

"ఊరందరినీ శిబిరానికి రమ్మని పిలిచి, నా పెళ్ళాన్ని ఇంకోచోటికి తీసుకెళ్తే ఏమంటారయ్యా? వంటవాడు పక్క హోటల్లో తిన్నట్టు ఉండదూ?"

ఆ ఏడాది వదిన వరసలో ఆఖరున నిలబడింది. ఆవిడ ముందు ఇంకా కొందరు ఉండగానే వ్యాను వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది దాదాపు తలుపుదాకా వచ్చింది. అప్పుడే ఎవరో ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని ఆయాసపడుతూ వస్తే, వందనం గారు వదిన చేతిలోని చీటీ తీసుకుని ఆమెకిచ్చారు. "నాకింకా మీ మొహం కనబడుతోందిలెండి. ఆవిడకి అదీ లేదు" అంది వదిన. దాన్ని ఆయన గురువారం సమావేశంలో ఎంతో గర్వంగా చెప్పారు.

ఆపై ఏడాది ఆవిడ డాక్టరు ముందు కూర్చుంది. చిన్న వయసు డాక్టరమ్మ. లైటు వేసి చూసింది, మళ్ళీ చూసింది. ఇది శుక్లం కాదు, నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందని, మొదట్లోనే వచ్చి ఉంటే చుక్కల మందుతో నిలబెట్టేవాళ్ళమని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగింది.

"లైన్లో ఉన్నామండీ" అంది వదిన.

అందులో ఎత్తిపొడుపు లేదు. అడిగినదానికి ఉన్నమాట చెప్పింది, అంతే. వెనక నిలబడ్డ వందనం గారు మాత్రం గోడకు చెయ్యి ఆనించారు.

ఆ తర్వాత ఆయన కొట్టు మూసి ఆవిణ్ణి ఎక్కని ఆస్పత్రి మెట్టు లేకుండా తిప్పారు. అందరూ ఒకటే మాట. చుక్కలు వేస్తూనే ఉన్నారు, నడిమధ్య మిగిలిన ఆ కాస్త వెలుగూ చుక్కలతోపాటే జారిపోయింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన ఒక నల్ల అట్టకు చిన్న కన్నం కోసి, దాన్ని కళ్ళకు అడ్డం పెట్టుకుని వీధిలోకి చూస్తున్నారు. నన్ను చూసి దించలేదు. "ఇంత చిన్నదటయ్యా" అన్నారు. కాసేపటికి కత్తెర తీసి ఇంకో అట్టకు ఇంకా చిన్న కన్నం కోశారు.

అదే ఏడాది మా కంటి శిబిరానికి మాలాంటి క్లబ్బులన్నిటికీ పైనుండే పెద్ద క్లబ్బువాళ్ళు బహుమతి ప్రకటించారు. సభ పెట్టారు. మళ్ళీ అధ్యక్షుడైన మందుల షాపాయన మెడలో గొలుసు. వందనం గారు రానన్నారు. వదినే బయల్దేరదీసింది. చూడకపోతేనేం, వింటాను, చొక్కా కూడా చేత్తో తడుముకుని ఇస్త్రీ చేశాను అంది. నేను ఆవిణ్ణి వెనక వరసలో నా పక్కన కూర్చోబెట్టాను.

అధ్యక్షుడు గోడ మీది మాట చూపించి మాట్లాడాడు. మాటల్లో మాటగా, "సొంత భార్య కళ్ళకన్నా పరాయివాళ్ళ కళ్ళే ముఖ్యమనుకున్న మహానుభావుడు మన వందనం గారు" అన్నాడు. హాలంతా మోగిపోయింది. వదిన చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

వందనం గారు మైకు దగ్గరికి వచ్చారు. పెద్దలను తలుచుకున్నారు. డాక్టర్లను, బడివాళ్ళను, మైకువాణ్ణి, టీ పోసినామెను తలుచుకున్నారు. ఒక్క పేరూ తప్పలేదు. "ఎవరి పేరైనా..." అని, వెనక వరసలోకి చూశారు.

ఆయన గొంతు పక్క గోడకు తగిలించిన సౌండు పెట్టెలోంచి వస్తోంది. వదిన దాని వైపు ముఖం తిప్పి, చిన్నగా నవ్వుతూ, ఆయన్నే చూస్తున్నాననుకుని దాన్నే చూస్తోంది.

"మరిచిపోయి ఉంటే" అన్నారు ఆయన. అక్కడితో ఆగిపోయారు. జనానికి ఆ సగం చాలు. కుర్చీలు వెనక్కి జరిగాయి, చప్పట్లు మొదలయ్యాయి, గంట మోగింది.

"ఆఖరి మాట చెప్పలేదే?" అని అడిగింది వదిన నా చెయ్యి తడుముతూ.

కుర్చీల చప్పుడులో కలిసిపోయింది వదినా అన్నాను.

"అంతేలే" అని ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది, ఆ పెట్టె వైపే తిరిగి. ఆయన ఇంకా మైకు ముందే నిలబడి ఉన్నారు. ఇనప సామాన్ల కొట్టు మెట్ల మీద అడుగుల చప్పుడు సన్నగిల్లేదాకా ఆవిడ చప్పట్లు ఆపలేదు.